మూడు కప్పులు, ఒక తప్పు

"కొత్తగా చేరినవాళ్ళు వచ్చే సోమవారానికల్లా తలా మూడు తప్పులు తీసుకురావాలి" అన్నారు సూపరింటెండెంటు యజ్ఞేశ్వర్రావు గారు.

ఆ మాట అన్నప్పుడు ఆయన ఎడమబుగ్గలో కిళ్ళీ ఉంది, నెత్తిమీద ఫ్యాను ఉంది. మాటను సగం కిళ్ళీ నమిలేసింది. మిగిలిన సగాన్ని ఫ్యాను తరిగేసింది. గోడవార ఆఖరి కుర్చీలో కూర్చున్న కుంచె హైమావతి చెవిన పడేసరికి తప్పులు కాస్తా కప్పులైపోయాయి.

ఆఫీసుకి కప్పులెందుకని హైమావతి అడగలేదు. చేరేరోజున వాళ్ళమ్మ గుమ్మంలో నిలబెట్టి మరీ చెప్పింది: "పెద్దవాళ్ళు ఏది తెమ్మంటే అది పట్టుకెళ్ళు. ఎందుకని అడిగావనుకో, ఆ ఎందుకుతోపాటు నువ్వూ ఇంటికొచ్చేస్తావు." అందుకని ఇంట్లో అద్దాల బీరువాలో చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే బయటికొచ్చే గులాబీపూల కప్పులు మూడు తీసి, కడిగి, తుడిచి, పాత చీరముక్కలో చుట్టి, సోమవారంనాడు సూపరింటెండెంటు గారి బల్లమీద వరసగా పెట్టింది.

యజ్ఞేశ్వర్రావు గారు మొదటి కప్పులోకి తొంగి చూశారు. ఏమీ లేదు. రెండోదాన్ని బోర్లించి చూశారు. ఏమీ రాలలేదు.

"ఏంటమ్మా ఇవి?"

"మీరు తెమ్మన్నవే సార్."

"ఇందులో తప్పేముంది?"

"తప్పేం లేదు సార్. ఒక్క బీటన్నా లేదు. కావాలంటే నీళ్ళు పోసి చూడండి."

గదిలో నవ్వులు లేచాయి. పక్కనే ఉన్న సీనియర్ అసిస్టెంటు సత్యవేణి గారు హైమావతిని చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కెళ్ళింది. "కప్పులు కాదే అమ్మలూ, తప్పులు! త-ప్పు-లు! ఇన్నేళ్ళూ ఈ ఆఫీసులో తప్పులు కప్పడం చూశాను గాని, కప్పులు తప్పవడం ఇదే చూడ్డం."

*

ఈ తప్పుల గొడవ ఏమిటో ముందు చెప్పాలి.

అది జిల్లా మార్గసూచికల కార్యాలయం. ఏ ఊరు ఎటుందో, ఎంత దూరముందో రోడ్డుపక్కన బాణంగుర్తుతో బోర్డులు పెట్టించడం వాళ్ళ పని. హైమావతి రెండుసార్లు పరీక్ష తప్పి, మూడోసారి గట్టెక్కి అక్కడ జూనియర్ అసిస్టెంటుగా చేరింది. ఇంటిపేరు కుంచె కాబట్టి బోర్డుల ఆఫీసులో వేశారని వాళ్ళ వీధిలో అందరూ అనుకున్నారు. ఆ ఉద్యోగం వచ్చిందని వాళ్ళమ్మ వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా పంచదార పంచింది. ఇప్పుడు ప్రొబేషను ముగింపుకొచ్చింది. అది అయితే ఉద్యోగం ఖాయం. కాకపోతే పంచదార తిన్న నోళ్ళన్నీ మళ్ళీ తెరుచుకుంటాయి.

ఇలాంటి సమయంలో రాజధాని నుంచి డాక్టర్ జయశీల్ అనే ఉద్యోగ విజయ నిపుణుడు ఊడిపడ్డాడు. ఆయన ఏ ఉద్యోగం చేశాడో ఎవరికీ తెలియదు. ఉద్యోగంలో పైకి రావడమెలాగో మాత్రం ఆయనకు క్షుణ్ణంగా తెలుసు. చెవిదగ్గర మైకు తగిలించుకుని హాలంతా కలియదిరుగుతూ అరిచాడు: "మిత్రులారా! కెరీరు మొదట్లోనే తప్పులు చెయ్యండి! త్వరగా చెయ్యండి! గర్వంగా చెయ్యండి! తప్పే మెట్టు! మెట్టెక్కనివాడు మేడెక్కలేడు!"

జిల్లా సూచికాధికారి చతుర్భుజరావు గారు ముందువరసలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నారు. ఆయన పేరుకే నాలుగు చేతులు. సంతకం పెట్టమంటే ఒక్కటీ లేచేది కాదు. అలాంటిది ఆ సాయంత్రమే ఉత్తర్వుమీద సంతకం పెట్టేశారు. కాగితం సిబ్బంది చేతికి అందింది మాత్రం కప్పులొచ్చాకే:

"ఇందుమూలముగా ప్రొబేషనులోనున్న యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ప్రతి ఉద్యోగియు తాను చేసిన మూడు తప్పులను, వాటినుండి నేర్చిన పాఠములతో సహా, తప్పుల నిర్ధారణ సంఘము ఎదుట తప్పనిసరిగా రుజువుపరచుకొనవలెను. తప్పు చేయుటలో తప్పినవారు ఉద్యోగమునుండి తప్పింపబడుదురు. తప్పు స్వంతదై యుండవలెను. శాఖలో ఇదివరకెవ్వరును చేయనిదై యుండవలెను."

ఆఖరి వాక్యం దగ్గరే ప్రాణాలు పోయాయి. ఆ శాఖలో ఇదివరకెవ్వరూ చెయ్యని తప్పంటూ ఒకటి మిగిలుండాలి కదా!

టైపిస్టు పద్మినికి అప్పుడే నెల తప్పింది. అదీ చూపించుకోమని ఎవరో సలహా ఇచ్చారు. "స్వంతదై ఉండాలన్నారు కదండీ. ఇందులో మా ఆయన వాటా కూడా ఉంది" అని ఆవిడ ఒప్పుకోలేదు.

హైమావతితోపాటు చేరిన శేషుకుమార్‌కి మాత్రం ఏ ఇబ్బందీ లేకపోయింది. కొందరికి పుట్టుకతోనే వస్తుంది. తన దరఖాస్తులో తన పేరే తప్పు రాశాడు. ఆదివారంనాడు ఆఫీసుకొచ్చి హాజరు వేసుకున్నాడు. సెలవురోజున వచ్చినవాడు ఆ శాఖలో అంతవరకు లేడు. ముచ్చటగా మూడోది, ఆఫీసరు గారి పుట్టినరోజుకి ఒకరోజు ముందే దండ పట్టుకొచ్చి మెళ్ళో వేశాడు. 'నేర్చిన పాఠము' అన్నచోట "మర్నాడు మరల వేయవలెను" అని రాశాడు. మర్నాడు మరల వేశాడు కూడా. సంఘం పులకించిపోయి, "సహజ ప్రతిభ" అని రాసి మూడూ మంజూరు చేసింది.

కప్పుల సంగతీ సంఘం ముందుకొచ్చింది. "ఇది నా తప్పే కదా సార్, ఒకటి వేసుకోండి" అని హైమావతి బతిమాలింది.

చతుర్భుజరావు గారు కళ్ళద్దాలు సవరించుకున్నారు. "విన్నదానిలో దోషముందంటే అన్నదానిలో దోషముండవచ్చునను అనుమానము కలుగును. అన్నవారు పై అధికారి. పై అధికారియందు దోషము పొసగదు. కావున కప్పులు తేబడలేదు."

"మరి బల్లమీద ఉన్నాయి కదండీ?"

"అవి మొదటినుండి ఉన్నవి."

అలా కప్పులు ఆఫీసువైపోయాయి. ఆ సాయంత్రం నుంచీ యజ్ఞేశ్వర్రావు గారు గులాబీపూల కప్పులోనే టీ తాగడం మొదలుపెట్టారు.

*

"నీ సమస్యేంటో తెలుసా?" అంది సత్యవేణి గారు టిఫిన్ క్యారేజీ విప్పుతూ. "నువ్వు ఒప్పుల కుప్పవి. ఆ కుప్పే నీకు ముప్పు. పెద్ద తప్పులు మా సీనియర్లకి వదిలేసి, నీ స్థాయికి తగ్గట్టు చిన్నది చూసుకో."

హైమావతి చూసుకుంది. ఒక ఫైలుని వెళ్ళాల్సిన సెక్షనుకి కాకుండా ఎదురుగా ఉన్న సెక్షనుకి పంపింది. రెండోరోజే జవాబు వచ్చింది: "ఈ ఫైలు కొరకు చాలాకాలముగా ఎదురుచూచుచున్నాము. ధన్యవాదములు." వెళ్ళాల్సిన సెక్షను అసలు ఎప్పుడో ఎత్తేశారట. ఫైళ్ళు మాత్రం అక్కడికే వెళ్తున్నాయట.

తరవాత ఒక బోర్డు నమూనాలో ఏడు కిలోమీటర్ల దూరాన్ని డెబ్భై అని రాసి సంఘానికి చూపించింది.

"ఇందులో కొత్తేముందమ్మా?" అన్నారు యజ్ఞేశ్వర్రావు గారు గులాబీ కప్పులో టీ చప్పరిస్తూ. "మన జిల్లాలో బోర్డుమీది దూరానికీ రోడ్డుమీది దూరానికీ ఏనాడూ చుట్టరికం లేదు. పైగా నువ్వు చేర్చింది సున్నా. సున్నాకి విలువేంటి? ఇది తప్పు కాదు, ఆనవాయితీ."

ఇక తెగించింది. మరో బోర్డుమీద బాణంగుర్తుని కుడికీ కాకుండా ఎడమకీ కాకుండా నిట్టనిలువుగా ఆకాశంవైపు వేయించింది. ఏ ఊరూ ఆకాశంలో లేదు కాబట్టి ఇది తప్పకుండా తప్పే అవుతుందని ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది.

మర్నాడు చతుర్భుజరావు గారు స్వయంగా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "ఊర్ధ్వముఖ బాణము! ప్రగతికి సంకేతము! గ్రామము ఎటున్ననేమి, గమ్యము పైనున్నది!" హైమావతికి అక్కడికక్కడే ప్రశంసాపత్రం ఇచ్చారు. ప్రశంసాపత్రం అందుకున్నవారి ఖాతాలో ఒక తప్పు తీసేయాలని ఉత్తర్వులో అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. తీసేయడానికి ఒక్కటీ లేకపోవడంతో ఆమె లెక్క సున్నా కిందికి దిగిపోయింది. ఇప్పుడు మూడు చాలవు, నాలుగు కావాలి.

"పైకి గురిపెట్టి కిందికి పోయావు కదే" అని సత్యవేణి గారు పెదవి విరిచింది.

శేషుకుమార్ జాలిపడ్డాడు. "నాదగ్గర రెండు మిగిలాయండి హైమావతి గారూ. కావాలంటే వాడుకోండి. మీకోసమని చెప్పి చేస్తాను."

"స్వంతదై ఉండాలట కదా" అంది హైమావతి నీరసంగా. ప్రొబేషను గడువు ఆ వారంతో సరి. ఇంటిదగ్గర వాళ్ళమ్మ, ఉద్యోగం ఖాయమయ్యాక పంచడానికని, ఈసారి లడ్డూలకి శనగపిండి పట్టించి ఉంచింది.

*

అలాంటి రోజున వచ్చాడు తాతబ్బాయి.

తాతబ్బాయి పేరులో తాతా ఉన్నాడు, అబ్బాయీ ఉన్నాడు. ఆ ఆఫీసుకి తిరగడం మొదలుపెట్టినప్పుడు అబ్బాయికి దగ్గరగా ఉండేవాడు, తిరిగి తిరిగి తాతకి దగ్గరయ్యాడు. వాళ్ళ ఊరు నేతిబీరవరం. లాకుల వంతెన దిగగానే ఆ ఊరికి కుడివైపు తిరగాలి. అక్కడున్న బోర్డేమో బాణం ఎడమవైపు చూపిస్తుంది. ఎడమవైపు వెళ్తే ఆనపలంక వస్తుంది. తాతబ్బాయిది ఒకటే విన్నపం, ఆ బాణాన్ని కాస్త ఇటు తిప్పమని. ఆఫీసులో అతన్ని వరండా బల్లతో కలిపి సామానులాగే చూసేవారు.

ఎండలో పడి వచ్చి ఆయాసపడుతున్నాడని హైమావతి లోపలికెళ్ళి, ఖాళీగా ఉన్న మూడో గులాబీ కప్పులో టీ పట్టుకొచ్చి ఇచ్చింది.

"ఆయ్! మాకెందుకండీ ఇంత మంచి కప్పు?" అని రెండు చేతులా పుచ్చుకున్నాడు తాతబ్బాయి.

"మా ఇంటిదేలెండి. అంత ఇబ్బందిగా ఉందా ఆ బోర్డువల్ల?"

"ఏం చెప్పమంటారండి అమ్మాయిగారూ! మా అన్నగారి మనవడికి పిల్లనిద్దామని పెళ్ళివారొచ్చారండి. బోర్డు చూసుకుని ఆనపలంకెళ్ళిపోయారు. అక్కడోళ్ళు కాళ్ళకి నీళ్ళిచ్చి, భోజనాలెట్టి, వాళ్ళ కుర్రోణ్ణే చూపించేశారండి. సంబంధం ఖాయమైపోయింది! మొన్న గేదెకి ఈత కష్టమైతే పశువుల డాక్టరు గారికి కబురెట్టామండి. ఆరూ అటే ఎళ్ళారు. ఆరొచ్చేసరికి దూడ లేచి తిరుగుతా ఉంది. గేదె కాబట్టి గట్టెక్కేసిందండి. రేపు మనిషైతే గట్టెక్కుద్దంటారా?"

కప్పు ఖాళీ అయింది. "సరేనండి, మళ్ళీ నెల్లో వస్తాను" అని తాతబ్బాయి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. బదులు వినాలన్న ఆశ కూడా అతని మొహంలో లేదు.

"ఉండండి" అంది హైమావతి.

ఎలాగూ పోయే ఉద్యోగం. పోయేలోపల ఒక్క పనైనా చేసిపోతే, ఏం చేశావని ఎవరన్నా అడిగితే చెప్పుకోవడానికైనా ఉంటుంది. స్టోరు గదిలోకి వెళ్ళి నల్లరంగు డబ్బా, తెల్లరంగు డబ్బా, ఒక కుంచె తీసుకుంది. తాతబ్బాయితో కలిసి మధ్యాహ్నం బస్సెక్కి లాకుల వంతెన దగ్గర దిగింది. తాతబ్బాయి కొబ్బరిచెట్లెక్కే నిచ్చెన తెచ్చి పట్టుకున్నాడు. హైమావతి తెల్లరంగుతో ఎడమ బాణాన్ని చెరిపి, ఆరాక నల్లరంగుతో కుడి బాణం వేసింది. చేతులు తుడుచుకోబోతూ, ఏదో తోచి, బోర్డు అడుగున "సరిచేసినది: కుంచె హైమావతి, జూనియర్ అసిస్టెంటు" అని కూడా రాసింది.

రోడ్డుమీద లారీ ఒకటి ఆగింది. డ్రైవరు బోర్డు చదువుకుని, కుడివైపు తిరిగి వెళ్ళిపోయాడు. ఆ లారీ కనుమరుగయ్యేదాకా తాతబ్బాయి నిచ్చెన వదల్లేదు.

*

మర్నాడు ఆఫీసులో పిడుగు పడింది.

ముందుగా ఆనపలంక నుంచి ఫోను. "ఏవండీ, మా ఊరికి దారి తప్పొచ్చేవాళ్ళని నమ్ముకుని మూడు హోటళ్ళు పెట్టుకున్నామండి! పొద్దుట్నించి ఒక్క నరపురుగు రాలేదు. వేసిన పెసరట్లు మేవే తింటన్నాం! ఎవరండీ దారి సరిచేసింది?"

తప్పుల నిర్ధారణ సంఘం అత్యవసరంగా కూర్చుంది. హైమావతిని ఎదురుగా నిలబెట్టారు.

చతుర్భుజరావు గారు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు. "బాణము మార్చితివా?"

"మార్చానండి."

"సరిచేయుట అనగా ఏమి? పూర్వము సరిగా లేదని అంగీకరించుట! ఆ బోర్డు వేయించినప్పుడు ఇక్కడ జూనియర్ అసిస్టెంటు ఎవరో తెలుసునా?" ఆయన ఒక్క క్షణం ఆగి, స్వరం తగ్గించారు. "నేను."

యజ్ఞేశ్వర్రావు గారు కిళ్ళీ మింగేశారు. "ఇది ఒకటి సరిచేస్తే జిల్లాలో ఉన్నవన్నీ సరిచెయ్యమంటారు సార్! మన గతేంటి?"

"ఎవరి అనుమతితో చేసితివి?"

"ఎవర్నీ అడగలేదండి."

"అర్జీ ఎప్పుడు విచారణకు తీసుకొంటివి?"

"ఆయన వచ్చినరోజే చేసేశానండి."

"అదేరోజునా!" సంఘంలో ఎవరో ఊపిరి పీల్చి వదలడం మరిచిపోయారు.

"పైగా బోర్డుమీద తన పేరు రాసింది సార్" అన్నాడు గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న శేషుకుమార్ నెమ్మదిగా, ఎవరూ అడక్కుండానే.

చతుర్భుజరావు గారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు. "చేసినవారి పేరు! ఈ శాఖలో ఎవరు ఏమి చేసిరో నేటివరకు ఎవ్వరికిని తెలియదు. అదియే మన సంస్థకు పునాది. ఘోరము! ఇటువంటి తప్పు శాఖ చరిత్రలో ఎన్నడును, ఎవ్వరును..."

"ఆగండి సార్" అంది సత్యవేణి గారు. సంఘంలో ఆవిడా సభ్యురాలే. అంతవరకు చిక్కుళ్ళు ఒలుచుకుంటూ కూర్చుంది. "మీరిప్పుడు తప్పన్నారు."

"తప్పు కాక మరేమి?"

"ఎవ్వరూ చెయ్యలేదన్నారు. అంటే కొత్తది. పేరు కూడా రాసుకుంది, అంటే స్వంతది. ఎవర్నీ అడక్కపోవడం ఒకటి. అదేరోజున చెయ్యడం రెండు. పేరు రాయడం మూడు. బాణం సరిచెయ్యడం నాలుగు. ఈ పిల్లకి కావలసినవి నాలుగే." ఆవిడ చిక్కుడుకాయలు పక్కకి జరిపింది. "కాదంటారా, అయితే ఈ పిల్ల వేసిన బాణమే సరైనదని రాసి సంతకం పెట్టండి. ఆ పాత బాణం సంగతి అప్పుడు తీరుబడిగా మాట్లాడుకుందాం."

చతుర్భుజరావు గారు కాసేపు సత్యవేణి గారిని చూశారు, కాసేపు కలాన్ని చూశారు. ఆ రెండింటిలో కలమే తేలిక అనిపించింది కాబోలు. "తప్పులు నాలుగు. నిర్ధారించడమైనది" అని సంతకం పెట్టారు.

*

పథకం దిగ్విజయమైందని అభినందించడానికి రాష్ట్ర సంచాలకులు జిల్లాకొచ్చారు. వెంట డాక్టర్ జయశీల్ కూడా వచ్చాడు. హాల్లో అందరూ ఉన్నారు. నేతిబీరవరం నుంచి తాతబ్బాయి అరటిగెల భుజాన పెట్టుకుని వచ్చాడు. దారి తప్పకుండా తమ ఊరికి వచ్చిన మొదటి పెళ్ళివారి తాలూకు గెల అది. సంచాలకులు గారికి టీ ఇవ్వడానికి మంచి కప్పుల కోసం వెతికితే గులాబీపూలవే దొరికాయి.

ఆయన తాగి, కప్పు తిప్పి చూసి, "ప్రభుత్వ కార్యాలయంలో ఇంత చక్కటి కప్పులా! ఎక్కడివయ్యా ఇవి?" అన్నారు.

"మొదటినుండి ఉన్నవి" అనబోయారు చతుర్భుజరావు గారు.

"మా ఇంటివండి" అంది హైమావతి. ఉద్యోగం ఖాయమైనవాళ్ళ గొంతు కాస్త పైకి వినిపిస్తుంది. "ఈ పథకం మొదట్లో సూపరింటెండెంటు గారు మూడు తప్పులు తెమ్మన్నారండి. నాకు మూడు కప్పులు అని వినబడింది. తెచ్చేశాను."

సంచాలకులు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయన నవ్వారు కాబట్టి హాలంతా నవ్వింది. యజ్ఞేశ్వర్రావు గారు కూడా, బుగ్గలో కిళ్ళీని కుడివైపుకి మార్చుకుని, నవ్వారు.

"మరి మళ్ళీ అడగొచ్చు కదమ్మా?" అన్నారు సంచాలకులు.

"అడగొచ్చని అప్పటికి తెలీదండి."

డాక్టర్ జయశీల్ మైకు పట్టుకుని ఉరికాడు. "అద్భుతం! మిత్రులారా, విజయగాథ! చెప్పమ్మా, ఏం పాఠం నేర్చుకున్నావు?"

హైమావతి మైకువైపు కాకుండా తాతబ్బాయివైపు చూసింది. అరటిగెల పక్కన నిలబడి, సామాను కాకుండా మనిషిలాగే ఉన్నాడు.

"వినబడకపోతే మళ్ళీ అడగాలండి. చెయ్యాల్సింది కళ్ళకి కనబడితే మాత్రం ఇంక అడక్కూడదు."

తాతబ్బాయి ఒక్కడే చప్పట్లు కొట్టాడు. మిగిలినవాళ్ళు సంచాలకులు గారు కొడతారేమోనని చూస్తూ ఉండిపోయారు.

ఆ వచ్చే సోమవారం శేషుకుమార్ అందరికంటే ముందే ఆఫీసుకొచ్చాడు. సూపరింటెండెంటు గారి బల్లమీద ఆరు కప్పులు వరసగా పెట్టాడు. సాసర్లతో సహా.